దృశ్యచిత్రమునందు భావము, వర్ణికాభంగము: కృష్ణా డెల్టానుండి ఒక పరిశీలన

ప్రకృతిదృశ్యచిత్రము ఎదుట నిలిచినపుడు మనవారు పలుకు మాటలు నాలుగైదు కలవు. ప్రశాంతముగా నున్నదందురు, విషాదము తొణికిసలాడుచున్నదందురు, కవితాత్మకముగా నున్నదందురు. అంతటితో విమర్శ ముగియును. ఆ ప్రశాంతత ఎచ్చట నున్నది? కాగితముమీదనా, రంగులోనా, కుంచె నడకలోనా, లేక చూచువాని మనస్సులోనా? ఈ ప్రశ్న వేయువారు అరుదు. కావ్యవిమర్శలో మనము ఇంత సులభముగా తప్పించుకొనము. ఒక పద్యమున కరుణరసమున్నదని విద్యార్థి వ్రాసినచో, ఏ పదమువలన, ఏ వృత్తగతివలన, ఏ విభావానుభావములవలన అని నిలదీయుదుము. చిత్రము విషయమున ఆ నిలదీత లేదు. తెలుగు శాఖలయందు ఆధునికాంధ్ర చిత్రకళను గూర్చిన పరిశోధనకు పూనుకొనువారు సాధారణముగా సాహిత్యవిద్యార్థులే గనుక, ఈ లోపమును గూర్చి కొంత విచారించుట అవసరమని తలచెదను.

వాత్స్యాయనుని కామసూత్రములకు యశోధరుడు వ్రాసిన జయమంగళ వ్యాఖ్యయందు చిత్రమునకు ఆరంగములు చెప్పబడినవి: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. 20వ శతాబ్ది తొలి దశకములలో అవనీంద్రనాథ ఠాకూరు వీనిని వివరించుచు ప్రత్యేకముగా రచన చేయుటతో ఈ షడంగములు ఆధునిక కళావిమర్శకు మరల పరిచితములైనవి. వీనిలో మూడవది భావము, ఆరవది వర్ణికాభంగము; అనగా రంగుల మేళనము, కుంచె ప్రయోగము. వరుసలో ఈ రెంటికిని ఎడమున్నను, దృశ్యచిత్రమున ఇవి రెండును ఒక్క విషయమునకు రెండు పేర్లని నా అభిప్రాయము. మానవమూర్తి గల చిత్రమున ముఖకవళిక, హస్తవిన్యాసము, కథ మనకు భావమును తెలుపును. ముఖము లేని చిత్రమున, కథ లేని చిత్రమున, భావమునకు రంగు, నీరు, కాగితము తప్ప వేరు ఆశ్రయము లేదు.

ఈ విచారమునకు కృష్ణా డెల్టాను ఆధారముగా గ్రహించితిని. విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ చెన్నై నుండి కలకత్తాకు పోవు రహదారియు, మచిలీపట్టణపు రహదారియు కలియును. ఆ కూడలినుండి పడమరగా పోయినచో నగరము దాటి ఇంద్రకీలాద్రి. దాని కెదురుగా ఏటికి ఆవల సీతానగరపు కొండ. ఆ రెండు కొండల నడుమనే 1852-55 సంవత్సరములలో కృష్ణకు ఆనకట్ట కట్టిరి; 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. తూర్పుగా పోయినచో బందరు వరకు సుమారు 70 కిలోమీటర్ల మేర చెప్పుకొనదగిన గుట్ట యొక్కటియు లేదు. కావున చిత్రకారుని కంటికి ఈ కూడలి రెండు దృశ్యస్వభావముల సరిహద్దు. ఒక వైపు కొండ, నీరు, వాని నీడలు. చూపునకు ఆనుకొనుటకు చోటున్న దృశ్యము. రెండవ వైపు చూపు ఆగుటకు తాటిచెట్టు తప్ప మరేమియు లేని సమతలము.

నేడు ఆ కూడలిలో నేలమీద నిలిచినవానికి కొండయు కనబడదు, పొలమును కనబడదు. భవనములు, ప్రకటన ఫలకములు, మీది వంతెన స్తంభములు మాత్రమే కనబడును. ఐనను ఆ వంతెనపై ప్రయాణించువానికి మునుపు కొండ నెక్కినవానికి మాత్రమే దక్కిన ఒక అనుభవము కొంత లభించును. కన్ను ఎత్తునకు పోయినకొలది నేల విప్పుకొనును, ఆకాశము తగ్గును. కాలువగట్టుపై నిలిచినవానికి ఇది తారుమారు; నేల ఒక సన్నని పట్టీగా అణగిపోయి, కనబడు దానిలో ముప్పాతికపాలు ఆకాశమే యగును. దిగంతరేఖను కాగితముమీద ఎచ్చట గీయవలెనన్నది డెల్టా చిత్రకారుడు పరిష్కరింపవలసిన మొదటి సమస్య. చిత్రము దిగులుగా నుండునా, నిబ్బరముగా నుండునా అన్న నిర్ణయమున సగము రంగు తాకకముందే ఆ గీతతో జరిగిపోవును.

ఈ దారితో మన సాహిత్యమునకు ఒక పాతబంధము కలదు. కళింగ దండయాత్రా సమయమున శ్రీకృష్ణదేవరాయలు విజయవాటియందు కొన్నిదినములు విడిసి, పిమ్మట కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమునకు పోయి ఆంధ్రవిష్ణువును సేవించెననియు, అచ్చట స్వప్నమున ఆ దేవుని ఆజ్ఞ పొందెననియు ఆముక్తమాల్యద పీఠికయందే కలదు. ఆ శ్రీకాకుళము నేటి ఉత్తరాంధ్ర జిల్లాకేంద్రము కాదు, డెల్టాలోని గ్రామము. తెలుగు ప్రబంధములలో ప్రకృతిని మిక్కిలి నిశితముగా చూచిన గ్రంథమునకు బీజము ఈ సమతలమునందే పడినదన్నమాట. ఆ కావ్యమున చతుర్థాశ్వాసమునందలి వర్షర్తువర్ణనమును విద్యార్థులు మరల చదువవలెను. తడిసిన కట్టెలు రాజుకొనక ఇల్లాండ్రు పడు యాతన, పొగ, నిప్పుకై ఇరుగుపొరుగిండ్లకు తిరుగుట మున్నగు విషయములను రాయలు ఒకదానిపై నొకటి పేర్చెను. దిగులని ఎచ్చటను చెప్పలేదు, చెమ్మను చెప్పెను. భావము చెమ్మలోనుండి తానే పుట్టినది.

ఐతే ఇది అపవాదము. ఆలంకారికుల సాధారణమార్గమున ప్రకృతికి స్వతంత్రస్థానము లేదు. చంద్రోదయము, మలయమారుతము, ఉద్యానము శృంగారమునకు ఉద్దీపనవిభావములు మాత్రమే. నాయికానాయకు లెచ్చటనో ఉండవలెను. వారు లేనిదే వెన్నెలకు ప్రయోజనము లేదు. చిత్రశాస్త్రమునందును ఇంచుమించుగా ఇదే దృష్టి. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమునందలి చిత్రసూత్రమును స్టెల్లా క్రామ్‌రిష్ 1920లలో ఆంగ్లీకరించిన పిదప మన విమర్శకులు దానిని విరివిగా ఉదాహరించిరి. అందు ప్రకృతివిషయములను చూపవలసిన విధము చెప్పబడినది. ఆకాశమును పక్షులతో చూపవలెను. వెన్నెలను విరిసిన కలువలతో, మధ్యాహ్నమును ఎండకు సొలసిన ప్రాణులతో, రాత్రిని చంద్రనక్షత్రములతోను నిద్రించు జనులతోను సూచింపవలెను. ఇవి చిహ్నములు. కలువ విరిసియున్నచో వెన్నెల యున్నట్లే. ఆ కలువ నెట్టి రంగుతో వేసినను అర్థము మారదు. చిహ్నమును చదువుటకు వర్ణికాభంగముతో పని లేదు.

వెలుగును ఆధారముగా గొన్న దృశ్యచిత్రము దీనికి భిన్నము. అందు మధ్యాహ్నమని తెలుపుటకు సొలసిన గేదె అవసరము లేదు. నీడ అంచు ఎంత పదునుగా నున్నదో, నీడలోని రంగు ఎంత వేడిగా నున్నదో చూచిన చాలును. మన చిక్కంతయు ఇచ్చటనే కలదు. వెలుగు చిత్రములను మనము చిహ్నచిత్రములుగా చదువుచున్నాము. ఒడ్డున కట్టిన ఒంటరి పడవ కనబడగనే విరహమందుము. పొలములో ఒక్క తాటిచెట్టున్నచో ఏకాకితనమందుము. డెల్టాలో తాటిచెట్టు గట్టుకు పదియుండును. చిత్రకారుడు ఒకదానిని మాత్రమే ఉంచినచో అది నిలువుగీత కావలసివచ్చి ఉంచినదగుట కెక్కువ అవకాశము. దానికి ముందుగా విరహము నంటగట్టుట ప్రబంధపాఠకుని అలవాటే గాని చిత్రము చెప్పినది కాదు.

బందరు కలంకారీని గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 17, 18 శతాబ్దులలో కోరమండలతీరమునుండి విదేశములకు పోయిన పెద్ద దుప్పట్లపై పూలవృక్షమొకటి తరచుగా కనబడును. ఆ వృక్షము రాళ్ళతో కూడిన చిన్నగుట్టనుండి మొలచినట్లుండును. బందరు చుట్టుపట్ల గుట్ట లేదు; ఆ గుట్ట చిత్రసంప్రదాయములనుండి, కొనుగోలుదారుల అభిరుచినుండి వచ్చినది. ఆ సరకు కొన్నవారిలో ఒలందావారు ముఖ్యులు. 17వ శతాబ్ది ఆరంభముననే వారు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వారి స్వదేశము డెల్టాకంటెను సమతలము. అదే శతాబ్దమున అచ్చటి చిత్రకారులు తమ చదునునేలనే చిత్రించి, దిగంతరేఖను క్రిందికి దింపి, పటమున మూడింట రెండుపాళ్ళు మబ్బులకే విడిచిరి. యాకబ్ ఫాన్ రాయిస్‌డాల్ హార్లెమ్ పట్టణముపై వేసిన చిత్రములలో నేలమీద ఆరవేసిన చలువగుడ్డల బారులు కనబడును. వానిపై మబ్బుల వెలుగునీడలు పరుగిడుచుండును. చలువచేసిన గుడ్డలు కాలువగట్టులపై ఆరిన దేశము మనదియును. బందరు గుడ్డలు హాలెండు చేరినవి. హాలెండువారి ఆకాశము మాత్రము బందరు చేరలేదు. వర్తకులు చిత్రకారులను వెంటగొని రాకపోవుట వింతయేమియు కాదనుకొందము.

సమతలమున ఆకాశమే ప్రధానమన్న సంగతిని మాటలలో పెట్టినవాడు ఆంగ్లచిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్. దృశ్యచిత్రమున భావమునకు ముఖ్యమైన ఇంద్రియము ఆకాశమేయను అర్థము వచ్చునట్లు అతడు 1821లో మిత్రునకు లేఖ వ్రాసెను. ఆ కాలముననే హాంప్‌స్టెడ్‌లో మబ్బులను వరుసగా చిత్రించుచు పటముల వెనుక తేదీ, వేళ, గాలివాలు గుర్తించుకొనెను. భావమును గూర్చి ఇంతగా మాటలాడినవాడు గాలి దిక్కును వ్రాసికొనుట గమనింపదగినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు మచిలీపట్టణమున ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిరి. 1920 తరువాతి దశకమున అచ్చట చిత్రకళాచార్యుడుగా నుండినవాడు వంగదేశీయుడైన ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు. ఆయనద్వారా వంగశైలియు, దానితో వాష్ పద్ధతియు బందరు చేరినవి.

వాష్ పద్ధతి స్వభావమును విద్యార్థులు స్పష్టముగా తెలిసికొనవలెను. ముందు కాగితముమీద రేఖలు గీసి పలుచగా రంగులు వేయుదురు. ఆరిన పిమ్మట కాగితమును నీట ముంచుదురు. కాగితమునకు పట్టిన రంగు నిలుచును, పట్టనిది కరగిపోవును. మరల రంగు, మరల నీరు. ఇట్లు పలుమారులు చేసి, తుదకు పటమంతటిపై ఒకే పలుచని వర్ణమును తెరవలె పరతురు. దీనివలన అంచులు మెత్తబడును. ఏ రంగును తన సహజమైన తీవ్రతతో నిలువదు. వస్తువులన్నియు ఒకే గాలిలో మునిగినట్లు కనబడును. 1903లో ఒకాకురా కాకుజో ప్రేరణచే కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో అను జపాను చిత్రకారుల పనిని చూచి అవనీంద్రుడు దీనికి దారి తీసెను. జపానులో ఆ ఇరువురి రేఖారహితమైన పనిని మోరోతాయ్, అనగా మసకపద్ధతి యని, మొదట ఎగతాళిగానే పిలిచిరి. నిందగా పుట్టిన పేరు తరువాత శైలీనామమైనది.

అవనీంద్రుని యాత్రాంతమను చిత్రము న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలయందు కలదు; సుమారు 1913 నాటిది. వీపున బరువుతో ఒక ఒంటె ముందుకాళ్ళపై కూలుచున్నది. వెనుక సాయంకాలపు ఎఱుపు. ఇది శుద్ధమైన దృశ్యచిత్రము కాదు, ప్రాణి యున్నది. ఐనను మన ప్రశ్నకు బాగుగా పనికివచ్చును. ఒంటెను కాగితముముక్కతో కప్పి చూడుడు. విషాదము కొంత తగ్గును గాని పోదు. కారణమేమనగా, నేలయు నింగియు ఒకే ఎఱ్ఱనివెలుగున మునిగి, చూపు ఎచ్చటను గట్టిగా ఆనుటకు వీలులేక యున్నది. అలసట ఒంటెది మాత్రమే కాదు. ఆనుకొనుటకు చోటు దొరకని చూపుది కూడను. ఈ రెండవ అలసట నీటిలో ముంచి తీసిన కాగితమునుండి పుట్టినది. భావము ఎచ్చటనున్నదన్న ప్రశ్నకు ఇట్టి ప్రత్యుత్తరమును నేను కోరుచున్నది.

ఇంతకును ఈ పద్ధతి డెల్టాకు తగునా? తగదని ఒక్కమాటతో త్రోసివేయువారు కలరు. వంగదేశపు మంచు మనకు లేదనియు, అది అరువుభావమనియు వారి వాదము. నేను వారితో పూర్తిగా ఏకీభవింపజాలను. ధనుర్మాసమున తెల్లవారుజామున బందరు రహదారివెంట పోయినవారికి డెల్టా వాష్ చిత్రమువలెనే కనబడును. కోతకు వచ్చిన వరిచేలపై మంచు దిగి, గట్టుపైనున్న తాళ్ళు మొదళ్ళు లేక తలలు మాత్రమే తేలుచుండును; కాలువనీటికిని గాలికిని భేదము తెలియదు. ఆ వేళకు ఆ పద్ధతి సత్యమే. కాని డెల్టా సంవత్సరము ఒక్క వేళ కాదు. నారుమడి లేతపచ్చ వేరు, ఊడ్పులైన నెలకు వచ్చు ముదురుపచ్చ వేరు. కోతకు ముందు చేనిలోనే చల్లిన మినుము, వరి కోసిన పిదప మోళ్ళ నడుమ బూడిదపచ్చగా లేచును. అదియు పోయిన తరువాత చైత్రవైశాఖములలో నెఱ్ఱెలు విచ్చిన నల్లనేల, తెల్లబడిన ఆకాశము. ఆ మధ్యాహ్నమున మసక లేదు. నీడ కత్తితో కోసినట్లుండును. ఈ వెలుగును వాష్ పద్ధతి పట్టజాలదు. తుదివర్ణమును పటమంతట పరచుటతో కాగితముయొక్క తెలుపు మరుగుపడును. మరుగుపడిన తెలుపుతో వైశాఖపు ఎండ రాదు. అట్టి ఎండను ఆ పద్ధతిలో వేసినచో అది సాయంకాలముగా మారును. అప్పుడు విమర్శకుడు వచ్చి, ఇందు దిగులున్నదని వ్రాయును! దిగులు ఊరిది కాదు, చిత్రకారునిదియు కాకపోవచ్చును, చివరి పూతది.

ఇదే కాలమున గోదావరీతీరమున వేరొక మార్గము నడచుచుండెను. 1909 నుండి 1919 వరకు తెలుగుదేశమున నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడు. స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. 1924లో వెలువడిన ఆయన గ్రంథము, దక్షిణభారతమున గడపిన కాలమును గూర్చినది, ఆయన చిత్రములతోనే అలంకరింపబడినది. ఆయన ప్రోత్సాహమున దామెర్ల రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరెను, అజంతా చూచెను, తిరిగివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పెను. 1897లో జన్మించిన ఆయన 28 ఏండ్లయినను నిండకుండగనే 1925లో మశూచివలన మరణించెను. ఆయన పేర నెలకొన్న చిత్రశాల ఇప్పటికిని ఆ నగరమున కలదు. వరదా వెంకటరత్నముగారు మున్నగువారు ఆ సంప్రదాయమును నిలిపిరి.

రామారావు మూర్తిచిత్రములకు వచ్చినంత ఖ్యాతి ఆయన గోదావరీ దృశ్యములకు రాలేదు. రేఖాలావణ్యమును గూర్చి వ్రాయుట మనకు సులభము; కొండపై పడిన వెలుగును గూర్చి వ్రాయుట కష్టము. పారదర్శకమైన నీటిరంగులందు తెలుపు వేయబడదు, విడిచిపెట్టబడును. అలపై మెరపు కావలెనన్నచో అచ్చట కాగితమును తాకరాదు. ఒకసారి రంగు పడిన చోటికి మరల శుద్ధమైన తెలుపు రాదు. కావున ఈ పద్ధతి చేయువాడు ఆరంభముననే తుదను చూచి యుండవలెను. వాష్ చిత్రకారుడు నీట ముంచుచు, తీయుచు, భావమును వెదకికొనును. ఇతడు ముందే నిశ్చయించుకొనును. ఒకరిది అన్వేషణమునకు తగిన పద్ధతి, ఒకరిది నిశ్చయమునకు తగినది. ఈ భేదము చూచువానికి తెలియకుండగనే తెలియును. దానినే మనము ఒకచోట నిగూఢత యనియు, మరొకచోట ప్రసన్నత యనియు పిలుచుచున్నాము.

ఇంకొక భేదము దేశమువలన కలిగినది. పాపికొండల నడుమ గోదావరిని చిత్రించువానికి కొండలు ఒకదాని వెనుక నొకటి వరుసలుగా నిలిచి దూరమును తామే కొలిచి యిచ్చును. ముందుది ముదురుపచ్చ, వెనుకది నీలి, ఆ వెనుకది నీలిబూడిద. చిత్రకారుడు మెట్లవలె ఆ వర్ణచ్ఛాయలను దిగిపోవచ్చును. బందరు చిత్రకారునికి ఆ మెట్లు లేవు. సమతలమున దూరమును చూపుటకు అతడు నీరు, గట్టు, చేలగట్ల వాలుగీతలు, చిన్నవగుచు పోవు తాళ్ళు, వీనిపై ఆధారపడవలెను; లేదా దూరమును పూర్తిగా మంచులో కరగింపవలెను. వాష్ పద్ధతి బందరున నిలద్రొక్కుకొనుటకు గురువు వంగీయుడగుట యొక్కటే కారణము కాకపోవచ్చును. కొండలు లేని దృశ్యమునకు లోతు నిచ్చు సులభోపాయము ఆ పద్ధతిలో దొరకినది. ఇది ఊహయే, ఐనను విచారింపదగిన ఊహ యని విన్నవించుచున్నాను.

రాజమహేంద్రవరమువారిది నైపుణ్యము, బందరువారిది భావము అని విభజించి చెప్పుట కొందరికి వాడుక. ఈ విభజన నిలువదు. రెండును నైపుణ్యములే, రెండింటను భావము కలదు. దీనికి ప్రబలసాక్షి అడివి బాపిరాజు. 1895లో జన్మించిన ఆయన రాజమహేంద్రవరమున కూల్డ్రే శిష్యుడు, రామారావునకు మిత్రుడు. పిమ్మట బందరున ప్రమోదకుమారునికడ చిత్రలేఖనము నభ్యసించెను. తరువాత కొంతకాలము ఆ జాతీయకళాశాలకే అధ్యక్షుడుగా నుండెను. నారాయణరావు, హిమబిందు మున్నగు నవలలలో ఆయన వర్ణనలు చదువువారు ఒక విషయము గమనింపవచ్చును. ఏటిని, వెన్నెలను ఆయన వస్తువులుగా వర్ణింపడు, వ్యాపించు వర్ణములుగా వర్ణించును. పాత్రలపై, చెట్లపై, నీటిపై ఒకే ఛాయను పరచి పోవును. అది వాష్ నేర్చిన చేయి. భావకవిత్వప్రభావమని మనము ఇంతవరకు వ్రాసినదానిలో కొంతభాగమునకు కుంచె బాధ్యత వహింపవలసియుండును. బాపిరాజుగారి గద్యమును చిత్రకళాభ్యాసముతో పోల్చి పరిశోధించుటకు మంచి అవకాశము కలదు.

డెల్టాలోనే పుట్టి, డెల్టాలోనే నివసించి, దృశ్యచిత్రమును గూర్చి తెలుగున శ్రద్ధతో వ్రాసినవారు సంజీవదేవ్. 1914లో జన్మించి 1999లో మరణించిన ఆయన నివాసము దుగ్గిరాలకు చేరువనున్న తుమ్మపూడి. విజయవాడ దాటి తెనాలి పోవు మార్గమున కృష్ణకు పడమటి డెల్టాలోనిది. యౌవనమున హిమాలయప్రాంతములలో సంచరించి, కులూలోయలోని నగ్గర్‌లో రష్యాచిత్రకారుడు నికొలాస్ రోరిక్‌కు అతిథియై, తిరిగివచ్చి తన పల్లెలో స్థిరపడెను. ఆయన నీటిరంగులతోను, పాస్టెల్ కణికలతోను దృశ్యచిత్రములు రచించెను. పాస్టెల్ పొడిరంగు, నీరు లేదు, కుంచె లేదు. వ్రేలితో అద్దినచో మసక వచ్చును, కణికతో గీసి విడిచినచో పదును నిలుచును. మంచును, ఎండను ఒకే పటమున కూర్చగల సాధనమిది. మంచుశిఖరములను చూచివచ్చిన కన్ను సమతలమున దేనికై వెదకెనన్నది ఆసక్తికరమైన ప్రశ్న. డెల్టావాసికి శిఖరములకు బదులు దొరకునవి మేఘములే. ఆషాఢమున పడమట కట్టిన మబ్బు డెల్టాకు కొండయే. సంజీవదేవ్ కళావ్యాసములను ఆయన పటములనుండి వేరుచేసి తత్త్వవ్యాసములుగా మాత్రమే చదువుట మన పొరపాటు. రంగును చేతితో నలిపినవాని వాక్యములుగా చదివినపుడు వానిలో చాల మాటలు పదునెక్కును.

పరిశోధక విద్యార్థులకు ఆచరణవిషయమున ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. మనలో పలువురు ఈ చిత్రములను ముద్రణలలోనే చూచితిమి. 1924లో స్థాపింపబడిన భారతి వంటి మాసపత్రికలు ఆంధ్రచిత్రకారుల పటములను ఇంటింటికి చేర్చి చేసిన మేలు గొప్పది. కాని ఆనాటి మూడురంగుల అచ్చు, పటమును చుక్కలుగా విడదీసి మరల కూర్చు పద్ధతి. వాష్ చిత్రమునందలి మిక్కిలి సూక్ష్మమైన వర్ణసంక్రమణము ఆ చుక్కలలో తెగిపోవును. నీటిరంగున విడిచిన తెలుపు, అచ్చుకాగితపు తెలుపుగా మారును. ఒక్కరంగున అచ్చైన పటమును చూచి వర్ణమాధుర్యమును పొగడినవారు కూడ లేకపోలేదు. అచ్చును చూచి వ్రాసినపుడు అచ్చును చూచి వ్రాసితినని చెప్పుట కనీసధర్మము.

మూలచిత్రమును చూచినవాడును నిశ్చింతగా నుండరాదు. నూరేండ్లు దాటిన నీటిరంగు పటమున అన్ని వర్ణములు సమముగా బ్రతుకవు. కొన్ని లక్కజాతి ఎఱుపులు వెలుగు తగిలి ముందుగా వెలయును, నీలియు కొన్నిట తగ్గును, మన్నురంగులు నిలుచును. ఎఱుపును నీలమును కలిపి వేసిన ఊదామబ్బులో ఎఱుపు పోయినచో మిగులునది బూడిదనీలము. ఉదయపుకాంతితో వేసిన ఆకాశము మనకు వానముందటి ఆకాశముగా తోచును. కాగితమున ఆమ్లగుణమున్నచో అది తానే పసుపెక్కి, మధ్యాహ్నమును సాయంకాలము చేయును. తీరప్రాంతపు తేమకు బూజు పట్టి గోధుమరంగు చుక్కలు లేచును. విషాదము, నిర్వేదము, సంధ్యాభావము అని మనము వ్రాసినవానిలో ఎన్ని చిత్రకారునివి, ఎన్ని ఎండవి, ఎన్ని తేమవి?

దీనిని కొంతవరకు పరీక్షించు ఉపాయము కలదు. పటమునకు చుట్టును బిగించిన అట్ట అంచు క్రింద వెలుగు సోకని సన్నని పట్టీ యొకటి ఉండును. చిత్రశాలవారు పటమును చట్రమునుండి తీసి శుభ్రపరచు సమయమున అనుమతి పొంది ఆ అంచును చూడవలెను. అచ్చటి ఆకాశపురంగును నడుమనున్న ఆకాశపురంగుతో పోల్చి, భేదమున్నచో ఎంత యున్నదో, ఏ వర్ణమున నున్నదో వ్రాసికొనవలెను. ఆ పట్టీ అర అంగుళము వెడల్పుండినను చాలును.